ముందటి దర్వాజ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఎండకాలం. కరీంనగర్‌ల కిరాయిలు ఒక్కసారే పెరిగి, ఇండ్లు దొరుకుడే కష్టమైన రోజులు. అప్పటికి నేను మా సంస్థల సెటిల్‌మెంట్ వర్కర్‌గ చానా ఏండ్లసంది చేస్తున్న. పేరు పెద్దగుంటది గని పని సాదాదే. వేరే జాగల బతుకు చెడి వచ్చినోళ్లకు ఈ ఊర్ల కాలు నిలిచేటట్టు చూసుడు. కిరాయి ఇల్లు, పిల్లలకు బడి, దవాఖాన, కూలి దొరికే అడ్డా. ఒక్కొక్క కుటుంబాన్ని మేము కేసు అంటం. ఇండ్ల ఓనర్ల ముంగట మాత్రం ఆ మాట అననే అనను. పోలీసు కేసనుకొని తలుపులేసుకుంటరు.

దేవె, ఆమె మొగడు బుద్రు నాకొచ్చిన ఒక కేసు. ఛత్తీస్‌గఢ్ అడవుల కోయోళ్లు. అక్కడి కొట్లాటలల్ల వాళ్ల గూడెం కాలిపోయింది, దేవె అప్పటికి చిన్నపిల్ల. తల్లి ఆ పరుగుల్లనే పోయింది. గోదావరి దిక్కు అడవిల గుడిసె ఏసుకుంటే ఫారెస్టోళ్లు అది కూడ పీకేసిండ్రు. మిర్చి చేండ్లల్ల కాయలు ఏరుకుంట మన తెలుగు నేర్చుకున్నది. కరీంనగర్ వచ్చినంక బుద్రుకు రైసుమిల్లుల హమాలీ పని దొరికింది. వాళ్లకు నేను ఒక పోర్షన్ ఇప్పిచ్చిన. ఒక రూం, వంటకింత జాగ, ఎనుక దొడ్డికి చిన్న తలుపు, ముందట ఒక దర్వాజ. తాళమున్న దర్వాజ దేవెకు పుట్టి బుద్ధెరిగినసంది గదే మొదటిది. ఆ పొద్దంత తాళమేసుడు, తీసుడు, నవ్వుడు. బుద్రు ఇసుక్కున్నడు కూడ.

ఇంటామె పేరు లచ్చవ్వ. కొడుకు దుబాయిల కష్టపడి పంపితే కట్టిన ఇల్లు. చెడ్డ మనిషేం కాదు, సొరకాయ కోస్తే సగం దేవెకే ఇచ్చేది.

దేవెకు పెద్దదవాఖానల ఆడపిల్ల పుట్టింది. డిశ్చార్జ్ చేసే పొద్దున లచ్చవ్వ నాకు ఫోన్ చేసింది.

"ఎస్తేరమ్మా, పురుడు నా ఇంట్లకు తేవద్దు. ఇరవై ఒక్క రోజైనంక తోలుకరా."

"మరి గప్పటిదాక ఏడుండాలె పెద్దవ్వా?"

"తల్లిగారింటికి పోదా? తొలుసూరు కాన్పు ఎవలన్న కిరాయింట్ల చేసుకుంటరా?"

వేరే దిక్కు వాళ్లకు ఇది వింతగ అనిపిస్తదేమో. మా దిక్కు చానామంది ఓనర్లు కిరాయికున్నోళ్ల పురుడు, చావు ఇంటికి తగులొద్దంటరు. తొలి కాన్పు తల్లిగారింట్లనే అని అందరం అనుకుంటం గనుక ముందుగాల ఎవ్వరం అడగం. తల్లిగారిల్లే లేని ఆడపిల్ల ఉంటదని లచ్చవ్వకు తట్టనే తట్టలే.

మా కోఆర్డినేటర్ సారుకు ఫోన్‌ల చెప్పిన. ఆయిన నిమ్మళంగ అన్నడు. "గొడవ పెట్టుకోకమ్మా. రేపు మనోళ్లకు ఒక్కరు కూడ ఇల్లియ్యరు. ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడల మన షెల్టర్ ఉన్నది కదా, అక్కడికి పంపుదాం."

షెల్టరంటే కొన్నొద్దులు తలదాచుకునే జాగ. పచ్చిబాలింతను, కండ్లు సుత తెరవని పసిగుడ్డును, గా ఎండల హైవే ఎంబడి ఇచ్చోడ దాక తోలుతడట! "మీ బిడ్డనైతే పంపుతరా సారూ?" అని ఫోన్ పెట్టేసిన. నా నోరు మంచిది కాదని మా ఇంటాయన ఊకె అంటడు, ఉన్న మాటే.

దవాఖాన ముంగట బాలింతలను ఇంటికాడ దించే సర్కారు బండి ఆగి ఉన్నది. దేవె బిడ్డను ఒడిల పెట్టుకొని ఎక్కి కూసున్నది. నేను పక్కన కూసొని మెల్లగ చెప్పిన.

"మా ఇంటికి పోదాం బిడ్డా. మా ఇంటాయన మంచిగ వండిపెడుతడు. నీకేం ఫికర్ లేదు."

"నా ఇంటికెందుకు వద్దక్కా?"

లచ్చవ్వ అన్నది అన్నట్టే చెప్పిన. దేవె కొంగు కొస చూపిచ్చింది. దానికి తాళంచెవి ముడేసి ఉన్నది. కాన్పు నొప్పులల్ల కూడ ఆ ముడి ఇప్పనియ్యలేదని కాన్పు చేసిన నర్సు తర్వాత చెప్పింది.

"ఊర్ల ఇల్లు కాలవెట్టిండ్రు, ఇడిచిన. అడవిల గుడిసె పీకిండ్రు, ఇడిచిన. గిది మాత్రం ఇడువనక్కా. నువ్వు నీ ఇంటికి పో, నేను నా ఇంటికి పోత."

డ్రైవర్ అద్దంల చూసి అడిగిండు. "మేడం, ఏడ దించాలె?"

"వాళ్ల ఇంటికాడ," అన్న. భయమైంది గని అన్న.

మేము పోయేసరికి లచ్చవ్వ గేటుకు అడ్డం నిలవడ్డది. బుద్రు మిల్లుకెల్లి ఉరికొచ్చి, తవుడు కొట్టుకున్న బట్టలతోనే ఒక దిక్కు నిలబడి ఉన్నడు. నేను దిగిన్నో లేదో లచ్చవ్వ మొదలుపెట్టింది.

"నేను ఫోన్‌ల చెప్పలేదా? మైల తాకి ఆడ నా కొడుకుకేమన్న అయితే నువ్వు తెచ్చిస్తవా?" అన్నది. అది కోపం కాదు, భయం. నాకు అర్థమైంది. అయినా తగ్గలే.

"నీ కొడుకు మాత్రం ఎవలింట్ల ఉన్నడు పెద్దవ్వా? పరాయోళ్ల రూంలనే కదా. ఆయినకు పానం బాగలేని పొద్దు రూంకు రావద్దంటే నీకెట్లుంటది?"

"మగోనికి పురుడొస్తదా? పెద్ద చెప్పొచ్చినవు!" అన్నది. డ్రైవర్ నవ్వాపుకొని అటు తిరిగిండు.

వాడకట్టు ఆడోళ్లు ఒక్కొక్కరే గడపలల్లకొచ్చి చూస్తుండ్రు. లచ్చవ్వకు పరేషానైంది. ఆఖరికి గేటు ఇడిచి, "సరే తియ్యి, పసిగుడ్డు ఎండకున్నది. ఎనుకకెల్లి రమ్మను, దొడ్డి దిక్కు. ముందటి దర్వాజ మాత్రం దాటొద్దు," అన్నది.

నాకు పానం లేచొచ్చింది. గెలిచినమనుకున్న. "పా బిడ్డా, ఎనుకకెల్లి పోదాం," అని దేవె చెయ్యి పట్టుకున్న.

దేవె నా చెయ్యి ఇడిపిచ్చుకున్నది.

"ఎనుకకెల్లి ఎందుకక్కా? దొంగతనం చేసిన్నా? బిడ్డను కన్న. కిరాయి ముందటి దర్వాజకే ఇస్తున్నం. నా బిడ్డ ముందటికెల్లే పోతది."

అరవలే, ఏడ్వలే. బిడ్డను బుద్రు చేతుల పెట్టి, కొంగు ముడి ఇప్పి, తాళం తీసింది. మళ్ల బిడ్డను ఎత్తుకొని లోపటికి పోయింది. లచ్చవ్వ చీర తాకకుండ దగ్గరికి తీసుకొని పక్కకు జరిగింది. జరిగినందుకు సంతోషపడాల్నో, చీర గుంజుకున్నందుకు కొట్లాడాల్నో నాకు తెల్వలే.

ఆ ఇరవై ఒక్క రోజులు లచ్చవ్వ పొద్దున్నే గొణుక్కుంట ఆ గడపను పసుపునీళ్లతోని కడిగింది. దేవె రోజు ఆ తడి గడపనే దాటి బిడ్డను నీరెండకు తెచ్చింది. తర్వాత ఒక పొద్దు నేను పోతే లచ్చవ్వ తనంతట తనే అన్నది. "మావోడు మంచిగనే ఉన్నడట. ఫోన్ చేసిండు." బిడ్డను మాత్రం ఎత్తుకోలే. ఎత్తుకోకుంటే ఎత్తుకోకపాయె.

ఆ కేసుకు ముందు నేను ఓనర్ల ముంగట చేతులు కట్టుకొని మాట్లాడేదాన్ని. ఇల్లిచ్చుడే మహా పుణ్యమన్నట్టు, ఇచ్చినదానికి మురిసేదాన్ని. దేవె ఎదురు తిరగకుంటే నేనే ఆమెను దొడ్డిదారిన తోలుకపోయేదాన్ని, పైంగ మంచి పని చేసిన్నని రాత్రి నిమ్మళంగ పండుకునేదాన్ని. ఇప్పుడు తాళంచెవి తీసుకోకముందే ఓనర్‌కు చెప్త. "ఈ ఇంట్ల కాన్పైతది, జరమొస్తది, చావు రాసిపెట్టి ఉంటే అది కూడ వస్తది. అన్ని ముందటి దర్వాజకెల్లే. ఇష్టమైతే తాళంచెవి ఇయ్యి."

చానామంది ఇయ్యం పో అంటరు. మా సారు తల పట్టుకుంటడు. పట్టుకోనీ. ఇంకో గల్లీకి పోత, ఇంకో తలుపు కొడుత, మళ్ల గదే మాట చెప్త.