ఏడు దసరాల రంగు కింద హారన్

మా బాపు స్కూటర్‌కు హారన్ ఉండేది. లేదంటే ఆయన ఇప్పటికీ కొట్లాటకొస్తాడు కాబట్టి ఉండేదనే అంటున్నాను. కాకపోతే దాన్ని నొక్కితే జలుబు చేసిన కోడిపిల్ల మూలిగినట్టుండేది. ముందు నడిచే మనిషి సంగతి సరే, వెనక కూర్చున్న నాకే వినపడేది కాదు.

ఆ స్కూటర్ నాకంటే పదేళ్ళు పెద్దది. బాపు దాన్ని పెళ్ళికి ముందే కొన్నాడు. అంటే మా ఇంట్లోకి మొదట వచ్చింది స్కూటర్, తర్వాత అమ్మ, ఆ తర్వాత నేను. ఈ వరస అమ్మకు అస్సలు నచ్చేది కాదు. నేను ఆరో తరగతికొచ్చినప్పటి నుంచి దసరా దసరాకు ఆ బండి రంగు మారేది. "పండుగకు మనిషికి కొత్త బట్టలు, బండికి కొత్త రంగు" అనేవాడు బాపు. కొత్త రంగంటే కొన్న రంగు కాదు, ఇంట్లో ఏ రంగు మిగిలితే ఆ రంగు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు కండ్లకోయలో ఇంజనీరింగ్ సీటొచ్చింది. కాలేజీ బస్సు మా శామీర్‌పేట వైపు వచ్చేది కాదు. బాపు గుండ్లపోచంపల్లిలో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు కనుక, "నా బండుండంగ నీకు బస్సెందుకే?" అన్నాడు. అలా రోజూ పొద్దున మేడ్చల్ మీదుగా కండ్లకోయ దాకా నేను వెనక సీటు మీద వెళ్ళేదాన్ని.

మొదటి రోజే శామీర్‌పేట దాటగానే గొర్రెల మంద అడ్డమొచ్చింది. బాపు హారన్ నొక్కాడు. ఒక్క గొర్రె తల తిప్పితే ఒట్టు.

"నువ్వొక్కపారి అనరాదు బిడ్డా" అన్నాడు.

"జరుగుండ్రో! బండొస్తాంది, జరుగుండ్రో!" అని ఒక్క కేక పెట్టాను. గొర్రెలు జరిగాయి. కాపరి జరిగాడు. ఏ సంబంధమూ లేని ఒక సైకిలాయన కూడా భయపడి తుమ్మకంపలోకి దిగాడు. బాపు సంబరం చూడాలి! ఆ రోజు నుంచి ఆయన హారన్ బటన్ జోలికే పోలేదు. ఎవరైనా అడ్డమొస్తే మోచేత్తో వెనక్కి ఒక పోటు పొడిచేవాడు, నేను అరిచేదాన్ని. మేడ్చల్ రైల్వే గేటు దగ్గర జామకాయలమ్మే అవ్వ మమ్మల్ని చూడకముందే, "అగో, నోరొస్తాంది" అని గంప పక్కకు లాక్కునేది.

ఊళ్ళో ఎంత అరిచినా పరవాలేదు. ఒకరోజు కాలేజీ గేటు ముందు బస్సుల్లోంచి పిల్లలు దిగుతుంటే అలవాటు చొప్పున మోచెయ్యి తగిలింది, అలవాటు చొప్పున నా నోరు లేచింది. గేటు దగ్గరున్న వాళ్ళంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. మర్నాటి నుంచి నేను వరండాలో నడిస్తే చాలు, వెనక నుంచి ఎవడో ఒకడు "జరుగుండ్రో" అనేవాడు. సెమినార్ చెప్పడానికి లేచి నిలబడితే వెనక బెంచీ నుంచి అదే మాట. క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు ఏడుపొచ్చి, రాసుకున్న కాగితాలతో కిందికి దిగిపోయాను. దసరా సెలవులకు ముందు ఇంకొక్క అవకాశం ఇస్తాననీ, అప్పుడు కూడా నోరు విప్పకపోతే మార్కులు సున్నా అనీ సారు చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంట్లో శివాలెత్తాను.

"హారన్ బాగైతెనే బండెక్కుత. లేకుంటె సదువు బంద్!"

"హారన్‌కేమైంది? మంచిగనే మొత్తుకుంటాంది గద" అన్నాడు బాపు.

"మొత్తుకునేది హారన్ గాదు, నా బిడ్డ" అంది అమ్మ వంటింట్లోంచి.

ఇగ తప్పదని బాపు రిపేరుకు దిగాడు. హారన్ మూత విప్పి, గరుకు కాగితంతో గంటసేపు రుద్ది బిగించాడు. కోడిపిల్లకు జలుబుతో పాటు దగ్గు కూడా పట్టుకుంది. రెండోరోజు ఎక్కడి నుంచో రబ్బరు బుడ్డి హారన్ తెచ్చి హ్యాండిల్‌కు కట్టాడు. పిసికితే "పోంక్ పోంక్" మని బాగానే మోగింది. తీరా చూస్తే అది ఐసుబండి హారన్. ఊరు దాటేలోపు నలుగురు పిల్లలు రూపాయి బిళ్ళలు పట్టుకుని వెంటపడ్డారు.

"పాల ఐసున్నదా తాతా?" అన్నాడొకడు.

ఐసు అడిగినందుకు కాదు, తాతా అన్నందుకు బాపు ఆ బుడ్డిని అక్కడికక్కడే పీకేశాడు.

ఆ వారం చివర మేడ్చల్‌లో ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి బాపును తీసుకుపోయాను. నేనే తీసుకుపోయాను, ఎందుకంటే తన బండి మీద ఇంకొకరు చెయ్యి వేయడం బాపుకు గిట్టదు. మెకానిక్కు మమ్మల్నేమీ అడగలేదు. ఒక వైరు ముక్క తీసి, ఒక కొస హారన్ ఒంటికి, ఇంకో కొస ఇంజిన్ బోల్టుకు ఆనించి బటన్ నొక్కాడు. అమ్మో! పక్క హోటల్లో చాయ తాగుతున్నాయన దాన్ని ఒంటి మీద పోసుకున్నాడు.

"హారన్ మస్తుగున్నది అన్నా. ఇనుముకు ఇనుము తగుల్తలేదు, కరెంటు పోతలేదు, గదే బీమారి" అంటూ మెకానిక్కు హారన్ విప్పి, అది కూర్చునే చోట చాకుతో గీకాడు. పసుపుపచ్చ పెచ్చు రాలింది, పోయినేడు మా కూలర్ స్టాండుకు వేసినది. దాని కింద ఇటుక రంగు. ఇంకా గీకితే కిటికీల నీలం, అప్పుడు నేను పదో తరగతి. తర్వాత గేటు ఆకుపచ్చ. నీళ్ళ డ్రమ్ము వెండి రంగు. ఇంకో రెండు పొరలు నేను గుర్తుపట్టలేకపోయాను. మొత్తం ఏడు దసరాలు!

"హారన్ ఇప్పి దాని కింద గూడ ఎవడన్న రంగేస్తడా అన్నా?" అన్నాడు మెకానిక్కు.

"కనవడేకాడ అందరేస్తరు. కనవడని కాడ గూడ ఎయ్యాలె. అమ్మవారు జూస్తది" అన్నాడు బాపు, కొంచెం కూడా తగ్గకుండా.

మెకానిక్కు చాకు కింద పెట్టి దండం పెట్టాడు.

సోమవారం నుంచి మా బండి సింహంలా గర్జించింది. బాపు మనిషికీ నొక్కాడు, కుక్కకూ నొక్కాడు, ఊరికే పడున్న రాయికీ నొక్కాడు. మోచెయ్యి మాత్రం వెనక్కి రాలేదు. శామీర్‌పేట నుంచి కండ్లకోయ దాకా మా ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు. రైల్వే గేటు దగ్గర అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "ఏంది బిడ్డా, పానం బాగలేదా?" అని అడిగింది. నాకు అవ్వ మీద కోపమొచ్చింది, ఎందుకొచ్చిందో తెలియలేదు.

సెమినార్ రోజు మైకు మొరాయించింది. నాకంటే ముందు చెప్పినవాళ్ళ మాట రెండో బెంచీ దాటలేదు. నా వంతు వచ్చేసరికి ఆ మైకు కుయ్యిమని మూలిగింది. ఆ మూలుగు నాకు కొత్తా? దాన్ని పక్కన పెట్టి, "వెనక బెంచీలోళ్ళు! వినవడ్తాందా?" అన్నాను. కిటికీలో పావురాలు లేచిపోయాయి. వెనక బెంచీ నిటారుగా కూర్చుంది. కరెంటుకు తిరుగుదారి ఇచ్చే ఎర్తింగ్ గురించి చెప్పాను, దానికి అడ్డమొచ్చిన ఏడు దసరాల రంగులతో సహా. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఈసారి నవ్వించింది నేను. ఆ గొంతు ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు, గొర్రెల మీద అరిచి అరిచి నేర్చుకున్నాను.

దసరా ముందురోజు బాపు వాకిట్లో బండి కడిగి రంగు డబ్బా తెరిచాడు. ఆ ఏడు నారింజ. ఒళ్ళంతా వేశాక హారన్ విప్పాడు. గీకిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. కుంచె పట్టుకుని నా వైపు చూశాడు.

"గీ జాగ ఇడిసిపెట్టాల్నా బిడ్డా?"

ఆ మోచేతి పోటు లేక వారం రోజులుగా నాకేమీ తోచడం లేదని ఆయనకెలా చెప్పను?

"ఏసెయ్యి బాపూ. అమ్మవారు జూస్తది" అన్నాను.

ఆయన రెండోసారి అడగలేదు. మందంగా రెండు కోట్లు వేశాడు.

సెలవులైన మర్నాడు శామీర్‌పేట దాటగానే గొర్రెలు అడ్డమొచ్చాయి. బాపు బటన్ నొక్కాడు. కోడిపిల్ల మూలిగింది. మోచెయ్యి వెనక్కి వచ్చేసరికి నేను గొంతు సవరించుకుని సిద్ధంగా ఉన్నాను.