సాయవ్వకు కుదిరిన క్యాబిన్

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక నవంబరులో, మా ట్రావెల్ సంస్థ నన్ను హైదరాబాదు నుంచి నిజామాబాదు శాఖకు బదిలీ చేసింది. హోదా సీనియర్ కౌన్సెలర్. శాఖలో మేనేజర్ తర్వాత నేనే. అక్కడి పని ఎక్కువగా గల్ఫ్ విమాన టికెట్లు, కాశీ, షిర్డీ యాత్రలు, మక్కాకు వెళ్లే ఉమ్రా బృందాలు. విహార నౌకల బుకింగులు ఏడాదికి నాలుగైదు వస్తే గొప్ప. హైదరాబాదులో పదకొండేళ్లు నౌకల డెస్కు చూసినదాన్ని కాబట్టి, ఆ బదిలీ నన్ను పక్కన పెట్టినట్టుగానే అనిపించింది.

చేరిన మూడో వారంలో బోధన్ నుంచి గంగారాం అనే పెద్దమనిషి వచ్చారు. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసిన మనిషి. ఉద్యోగం పోయి ఏళ్లయినా కొలత టేపు మాత్రం జేబులోంచి పోలేదు. నౌక గురించి అడగడానికి వచ్చేవాళ్లు మామూలుగా తిండి ఎలా ఉంటుంది, కిటికీ ఉంటుందా అని మొదలుపెడతారు. ఆయన కూర్చోకుండానే అడిగారు.

"మేడం, గా పడవల మా ఇంటామె ఒక్కతే బాత్రూముకు పోయొచ్చే రూం దొరుకుతదా?"

అంత సర్వీసులో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన్ను కూర్చోబెట్టి వివరాలు అడిగాను.

ఆయన భార్య పేరు సాయవ్వ. చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టిన మనిషి. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. చక్రాల కుర్చీలో తిరుగుతారు. కుడి చేత్తో గట్టిగా దేన్నైనా పట్టుకుంటే లేచి రెండు మూడు అడుగులు వేయగలరు. ఫోనులో ఎవరిదో నౌక ప్రయాణం వీడియో చూసి, సముద్రం మీద పడుకోవాలని ఆమే అన్నారట. బాత్రూము షరతు కూడా ఆమెదే.

మధ్యవర్తి మాట మీద గది ఎంచడం నాకు ఇష్టం ఉండదు. ఆ ఆదివారం బోధన్ వెళ్లి సాయవ్వనే అడిగాను. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. మొదట మేడం అన్నారు, చాయ్ తాగేలోపు చెల్లెలిని చేసుకున్నారు.

"ఊరికి పోవుడంటేనే భయం సెల్లె. పెండ్లికి పోవాల్నంటే పొద్దుగాల్నుంచి నీళ్లు ముట్ట. మల్ల ఎవలనన్న పిలువాలె గదా. గీయన తోల్కపోతడు, కాదంటలేను. నాకే మనసొప్పది. గా పడవల గూడ గట్లనే ఉండాల్నంటే నేను రాను."

ఇక్కడ మా వృత్తి గురించి కొంచెం చెప్పాలి. నౌకలో గదిని క్యాబిన్ అంటారు. కిటికీ లేనివి, కిటికీ ఉన్నవి, బాల్కనీ ఉన్నవి, ఆపైన హాలుతో కలిపి ఉండే పెద్ద సూట్లు అని తరగతులుంటాయి. చాలామంది తరగతి మాత్రమే ఎంచుకుంటారు, గది నంబరు నౌక కంపెనీ తర్వాత ఇస్తుంది. దాన్ని గ్యారంటీ బుకింగ్ అంటాం. పేరు గ్యారంటీ అయినా ఏ గది వస్తుందో ఎవరూ చెప్పలేరు. సాయవ్వ విషయంలో అది పనికిరాదు. నంబరు ముందే ఖాయం కావాలి. చక్రాల కుర్చీ పట్టే క్యాబిన్లు నౌకకు కొన్నే ఉంటాయి. వాటికి వెడల్పు తలుపులు, గడప లేని బాత్రూము, కమోడ్ పక్క గోడకు ఉక్కు కడ్డీ ఉంటాయి. ముంబై నుంచి గోవా వెళ్లి తిరిగొచ్చే నాలుగు రాత్రుల ప్రయాణంలో అలాంటివి బాల్కనీతో రెండే మిగిలాయి. ఒకటి నౌకకు ఎడమ పక్కన, ఇంకొకటి కుడి పక్కన. తరగతి ఒకటే, కొలతలు ఒకటే, కంపెనీ పుస్తకంలో గది ప్లాను బొమ్మ కూడా ఒకటే. బొమ్మ కింద మాత్రం చిన్న అక్షరాల్లో, కొన్ని గదుల్లో అమరిక ఇటుది అటు ఉండవచ్చు అని రాసి ఉంది.

ఆ వాక్యాన్ని నేను ఎన్నో వందలసార్లు చూశాను. ఒక్కసారీ ఆగి ఆలోచించలేదు.

ఆలోచింపజేసింది గంగారాం గారి సుద్దముక్క. ఆ ఆదివారమే నేను వెంట తెచ్చిన పుస్తకంలోంచి కొలతలు చదువుతుంటే ఆయన ఇంటి ముందరి గచ్చు మీద టేపు పరిచి క్యాబిన్ మొత్తం గీశారు. మంచానికి మంచమే వేశారు. కమోడ్ బదులు స్టూలు, కడ్డీ బదులు రెండు కుర్చీలకు కట్టిన వెదురు కర్ర. సాయవ్వ కుర్చీ తోసుకుంటూ ఆ గీతల మధ్యకు వచ్చారు, తలుపు దాటారు, తిరిగారు, స్టూలు దగ్గర ఆగి చేయి చాపారు. కర్ర ఎడమ వైపు ఉంది.

"నా సచ్చిన చెయ్యి దిక్కు పెట్టిర్రు గదయ్యా కడ్డీ!" అని ఆమె గట్టిగా నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

గంగారాం గారు గీతలు తుడిచి, గదిని అద్దంలో చూసినట్టు తిప్పి మళ్లీ గీశారు. ఈసారి కర్ర కుడి చేతికి అందింది. మంచం దిగే వైపు కూడా కుడికే వచ్చింది. ఆమె పట్టుకుని లేచారు, తిరిగారు, కూర్చున్నారు. మళ్లీ లేచి కుర్చీలోకి వచ్చారు. మూడోసారికి భర్తను ఇంట్లోకి పొమ్మన్నారు. ఆయన తలుపు వెనక నిలబడి వింటున్నారని మా ఇద్దరికీ తెలుసు. మూడోసారి కూడా సాఫీగా అయింది.

ఇక తేలవలసింది ఆ రెండు గదుల్లో ఏది ఏ అమరిక అన్నది. ముంబైలోని నౌక కంపెనీ బుకింగ్ డెస్కుకు తెలియదు. నౌకలో గదుల నిర్వహణ చూసే అధికారికి రాయించి, రెండు బాత్రూముల ఫొటోలు తెప్పించాను. కూర్చున్నవారికి కడ్డీ కుడివైపు వచ్చేది నౌక ఎడమ పక్కనున్న గదిలో. అదే నంబరు ఖాయం చేసి, ఆరోగ్య కారణాల వల్ల ఈ గదే ఇవ్వాలని రిమార్కు పెట్టాను.

ప్రయాణానికి పది రోజుల ముందు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మా ప్రయాణికులను ఉచితంగా సూట్‌లోకి మార్చారు. గది రెండింతలు పెద్దది, బాల్కనీ కూడా పెద్దది. మా మేనేజర్ వయసులో నాకంటే చాలా చిన్నవాడు. లక్కీ పార్టీ మేడం, స్వీట్లు తెప్పించండి అన్నాడు. నేను సూట్ ప్లాను తెరిచాను. బాత్రూము తలుపు దగ్గర సన్నని గీత కనిపించింది. మా ప్లాన్లలో ఆ గీతకు అర్థం మెట్టు.

డెస్కుకు ఫోన్ చేస్తే, పెద్ద గది వద్దనే కస్టమర్ను ఇప్పుడే చూస్తున్నానని అక్కడి అధికారి నవ్వాడు. పైవాళ్లతో గొడవ ఎందుకు, ఎలాగో సర్దుకుంటారులెమ్మని మా మేనేజర్ అన్నాడు. నిర్ణయం మా ఇద్దరిదీ కాదు కాబట్టి సాయవ్వకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"పెద్దగుంటే నేనేం జేస్త సెల్లె, అండ్ల ఊరేగుతనా? నా రూం నాకియ్యమను. లేకుంటే బోధన్లనే ఉంట."

అప్పుడు డెస్కుకు రెండే ప్రశ్నలు పంపాను. సూట్ బాత్రూము మెట్టు ఎత్తు ఎన్ని అంగుళాలు? కడ్డీ ఏ వైపు ఉంది? జవాబు రాతపూర్వకంగా కావాలన్నాను. మర్నాడు జవాబు వచ్చింది: మెట్టు ఐదంగుళాలు, కడ్డీ లేదు. ఆ జవాబును, రెండు ప్లాన్లను, ఆ ఆదివారం నేను తీసిన గంగారాం గారి గచ్చు మీది గీతల ఫొటోను కలిపి హైదరాబాదులోని మా రీజనల్ మేనేజర్‌కు పంపాను. ఈ ప్రయాణికురాలు గదిలో పడిపోతే బాధ్యత ఎవరిదో కూడా తెలియజేయగలరని చివర రాశాను. మా సంస్థలో అంత కటువుగా పైవారికి రాయడం నాకు అదే మొదలు.

ఆ మధ్యాహ్నం మూడింటికి పాత క్యాబిన్ నంబరుతో కొత్త కన్ఫర్మేషన్ వచ్చింది. ప్రింటు తీసి మా మేనేజరే నా టేబులు దగ్గరికి తెచ్చిచ్చాడు. ప్లానులో మెట్టును ఎలా గుర్తుపట్టాలో తనకూ చూపించమన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుంటే చూపించాను.

నౌక గోవా చేరిన ఉదయం ఫోన్ మోగింది. అవతల గాలి హోరు.

"సెల్లె, నేను సాయవ్వను. బాల్కనీల కూసున్న. రెండు దినాల సంది నేనొక్కదాన్నే పోతున్న, నేనొక్కదాన్నే వస్తున్న. గీయన ఇంక లేవనే లేదు, గుర్రు కొడుతుండు. నీళ్లు తాగిన, చాయ్ తాగిన, కొబ్బరినీళ్లు తాగిన. ఇంకేమన్న ఉంటే తెమ్మన్న!"

ఆఫీసులో అందరూ వినేటట్టు స్పీకరు పెట్టాను. నేను అంత గట్టిగా నవ్వడం ఆ శాఖలో ఎవరూ అంతకుముందు చూడలేదు. వాళ్లు తిరిగి వచ్చాక మరుసటి ఏడాది ప్రయాణానికి సాయవ్వ అదే గది నంబరు అడిగారు. అదే ఇప్పించాను.

తర్వాత నేను ఒక పేజీ ప్రశ్నావళి తయారుచేశాను. ఏ చేత్తో పట్టుకుంటారు, మంచం ఏ వైపు దిగుతారు, గదిలో ఒంటరిగా ఏయే పనులు చేసుకోవాలనుకుంటున్నారు. నేను రిటైరయ్యేలోగా సంస్థ దాన్ని అన్ని శాఖలకూ పంపింది. పదకొండేళ్లు నేను ముందు తరగతి చెప్పి, తర్వాత మనిషిని అందులో సర్దేదాన్ని. అది తలకిందులు పద్ధతి. మనిషి గదిలో ఏం చేయాలో ముందు తెలుసుకోవాలి, ప్లాను ఆ తర్వాత తెరవాలి. నిజామాబాదు శాఖలో నేను నేర్చుకున్న పని ఇది.