ఎడమ అంటే ఎవరి ఎడమ

శ్రావణ శుద్ధ పాడ్యమి. బ్రేకులు మాత్రమే చూడవలసిందని కాగితం మీద రాసి ఇచ్చి, మా జీపును ఆటోనగర్‌లోని షెడ్డులో అప్పగించాము.

విదియ. షెడ్డు నుంచి ఫోను లేదు. నేను రెండుసార్లు చేశాను. ఎత్తలేదు.

తదియ. జీపు ఇంటికి వచ్చింది. గేటు దగ్గర నిలబడి చూడగానే అనుమానం కలిగి టేపు పెట్టి కొలిచాను. ముందూ వెనకా నాలుగేసి వేళ్ళు దిగి ఉంది. చక్రాల మీద బండి బరువు మోసే మా పాత కమాను పట్టీలు ఊడబీకి, మమ్మల్ని అడగకుండా వేరేవి బిగించారు.

చవితి. కారణం అడిగితే, ఇప్పుడు షెడ్డు నడుపుతున్న మేస్త్రిగారి అబ్బాయి, "అమ్మగారు ఎక్కలేకపోతున్నారని నాన్నే దించమన్నారండీ" అన్నాడు. ఎక్కలేకపోతున్నానని నేను ఎవరికీ దరఖాస్తు పెట్టుకోలేదు. నాకు చిన్న పీట ఉంది. పీట వేసుకుని ఎక్కుతున్నాను.

ముప్పై ఏళ్ళు ఆఫీసులో రికార్డు సెక్షన్‌లో పనిచేసినదాన్ని కనుక, ఇలాంటి అన్యాయం జరిగినప్పుడు నోటితో పోట్లాడడం నా పద్ధతి కాదు. ఇంటి విషయాలన్నీ రాసిపెట్టుకున్న నా పాత పుస్తకాలు దింపి, ఆ పట్టీలు ఎప్పుడు, ఎలా, ఎందుకు వేయించామో ఆధారాలతో సహా ఫిర్యాదు తయారు చేద్దామని కూర్చున్నాను. ఆ పుస్తకం తెరవడంతో ఈ సంగతంతా మొదలైంది.

మా వారిది చేనేత బట్టల వ్యాపారం. గవర్నర్‌పేటలో చిన్న కొట్టు ఉన్నా, అసలు పని అంతా కంకిపాడు దాటి కాలవ గట్ల వెంబడి ఉన్న ఊళ్ళలోనే ఉండేది. మగ్గం దిగిన చీరల్ని వాన రాకముందే తెచ్చుకోవాలని ఆయన ఆత్రం. వాన పడ్డాక ఆ పుంత దారుల సంగతి నా తరం వారికి నేను చెప్పనక్కరలేదు. ఎడ్లబండ్ల చక్రాలు రెండు పక్కలా లోతుగా కోసిన గాళ్ళలో జీపు చక్రాలు దిగబడితే, నడుమ మిగిలిన నల్లమట్టి గట్టు జీపు పొట్టను పట్టుకుని వదిలేది కాదు. ఒక వానాకాలంలో ఆయన మూడుసార్లు పొలాల్లో వాళ్ళ చేత తోయించుకుని, మోకాళ్ళ దాకా బురదతో, చీరల మూటలు నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చారు. మూడోసారి ఒక మూట తడిసింది. అందులో ఒక నేతగాడి ఇంటిల్లిపాది రెండు నెలల కష్టం ఉంది. జీపు ఎత్తు పెంచక తప్పదని ఆ రోజే నిశ్చయించుకున్నాము.

ఆటోనగర్‌లో చాలామంది చాలా ఉపాయాలు చెప్పారు. ఉన్న పట్టీలనే కాల్చి, కొట్టి, ఇంకాస్త వంచుతామన్నారు కొందరు. కింద ఇనుప దిమ్మలు పెడతామన్నారు మరికొందరు. మా మేస్త్రిగారు మాత్రం ఒప్పుకోలేదు. కంపెనీ వంచిన వంపు నిలబడుతుంది గానీ మనం సుత్తితో కొట్టిన వంపు నాలుగు నెలల్లో కూలబడుతుందని ఆయన సిద్ధాంతం. అదే కంపెనీవారి సరుకు బండి ఒకటి విప్పడానికి వచ్చిందని, దాని పట్టీలకు వంపు ఎక్కువనీ, కొలతలు మన జీపుకు సరిపోతాయనీ కబురు పెట్టారు. సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. సెకండ్‌హ్యాండు సరుకు కొనేటప్పుడు రాత ఉండాలని నా పట్టుదల.

ఒక్కో పట్టీని తాడుకు వేలాడదీసి, చిన్న స్పానరుతో కొట్టి, చెవి దగ్గర పెట్టి వినేవారు మేస్త్రిగారు. పగులు లేని పట్టీ కంచుగిన్నెలా సాగుతూ మోగేది. పగులున్నది టక్కుమని చచ్చిపోయేది. కంటికి కనిపించని పగులును చెవితో పట్టుకునే ఆ విద్యను నేను ఆ తర్వాత మరెక్కడా చూడలేదు.

వెనక జత రెండూ ఒకటే. ముందు జతలోనే తిరకాసు. డ్రైవరు కూర్చునే వైపు బరువెక్కువ కనుక, ఆ పక్క పట్టీకి కంపెనీవారే కాస్త వంపు ఎక్కువ ఇస్తారట. విప్పాక రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి కాబట్టి గుర్తు పెట్టాలి. ఆ పని నేను చేస్తానన్నాను. చీరల కట్టలకు కట్టినట్టే ఎడమదానికి ఎర్రగుడ్డ, కుడిదానికి తెల్లగుడ్డ ముడివేసి, పుస్తకంలో బొమ్మ గీసి రాసుకున్నాను.

బిగించిన సాయంత్రం జీపు చక్కగా లేచింది గానీ, మా వారు కూర్చోగానే డ్రైవరు వైపుకు ఒరిగింది. ఎడమా కుడీ తారుమారు చేశావని ఆయన మేస్త్రిగారి మీద కేకలేశారు. "అమ్మగారు కట్టిన గుడ్డల ప్రకారమే వేశానండీ" అన్నారు మేస్త్రిగారు. "మా ఆవిడ పుస్తకంలో తప్పు దొర్లడం నేను ఇంతవరకూ చూళ్ళేదయ్యా!" అన్నారు మా వారు, నలుగురు మేస్త్రీల ముందు. గుడ్డలు విప్పి పారేశాము కాబట్టి సాక్ష్యం నా పుస్తకమొక్కటే. మేస్త్రిగారు ఒకసారి ఆ పేజీ వైపు చూశారు, ఒకసారి నా వైపు చూశారు. మర్నాడు ఉదయాన్నే వచ్చి, ముందు పట్టీలు రెండూ ఇటుది అటూ అటుది ఇటూ మార్చి బిగించారు. జీపు తక్కెడలా నిలబడింది. నేను నా పద్ధతి ప్రకారం, "మేస్త్రి పొరపాటు వలన ఒక దినము ఆలస్యము" అని రాసి సంతకం చేయమన్నాను. చేశారు.

మొన్న ఆ పేజీ మళ్ళీ చూశాను. నేను గీసిన బొమ్మలో బండి నాకు ఎదురుగా, రెండు లైట్లూ నన్నే చూస్తున్నట్టు ఉంది. నేను బండి ముందు నిలబడి, నా ఎడమ చేతి వైపున్నదాన్ని ఎడమ అని రాశాను. అటే స్టీరింగు చక్రం కూడా గీసి ఉంది. బండికి అది కుడి. నా గుడ్డను నమ్మి మేస్త్రిగారు డ్రైవరు వైపు పట్టీని అవతలి వైపు బిగించారన్నమాట. బండి ఎడమను బండిలో కూర్చుని చెప్పాలి గానీ దాని ముఖం చూస్తూ చెప్పకూడదన్న సంగతి, షెడ్డులో పుట్టి పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆఫీసులో పెరిగిన నాకు తెలియలేదు.

మా వారికి చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు నవ్వారు. "ఇన్నాళ్ళకు నీ పుస్తకమే నీకు ఎదురు సాక్షి అయిందోయ్" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

పుంతలన్నీ ఇప్పుడు సిమెంటు రోడ్లయ్యాయి. ఇప్పుడు మా జీపు పొట్ట పట్టుకునేవి స్పీడు బ్రేకర్లు మాత్రమే. మేస్త్రిగారికి వినికిడి తగ్గి, షెడ్డు ముందు కుర్చీలో కూర్చుంటున్నారు. ఇప్పుడు ఎవరూ పట్టీని మోగించి చూడడం లేదు. మా పట్టీలను పాత ఇనుముకు వేయనివ్వకుండా ఆయన తన కుర్చీ వెనక గోడకు ఆనించి పెట్టించారని కొడుకే చెప్పాడు.

కావున షెడ్డువారికి ఇందుమూలముగా తెలియజేయునది. ఒకటి, మా పట్టీలు నాలుగూ తిరిగి మా జీపుకే బిగించవలెను. నేను పీట వేసుకుని ఎక్కగలను. ఎడమ, కుడి అనునవి డ్రైవరు సీటులో కూర్చుని నిర్ణయించవలెను. రెండు, "మేస్త్రి పొరపాటు" అను మాటను ఎర్రసిరాతో కొట్టివేసి, "నా పొరపాటు" అని సరిదిద్ది, కింద నేను సంతకము చేసినాను. మూడు, తప్పు నాదని ఆనాడే తెలిసియుండి కూడ, నలుగురి ముందు నా మాట పోకుండుటకై తాము సంతకము చేసితిరా, లేదా అను విషయమును, వినపడలేదని తప్పించుకొనక, పెద్ద మేస్త్రిగారు తమ స్వహస్తముతో లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. ఆ పేజీలో అందులకు చోటు విడిచియున్నాను.