దొరగారి బొమ్మలకు తాళ్లు తీసిన వైనం

ఇప్పుడంటే చెప్పిన పనే సగం చేసి ఊరుకోవడం నేర్చుకున్నాను గానీ, దోహాలో ఉద్యోగానికి చేరిన కొత్తలో నాకు అడగని పని కూడా చేసిపెట్టే జబ్బు ఉండేది. పెళ్లయి ఏడాది కాలేదు. మా ఆవిడేమో కాకినాడలో, నేనేమో నజ్మాలో ఒక ఇరుకు గదిలో. ఆవిడ రావాలంటే ఫ్యామిలీ వీసా, దానికి కంపెనీ ఉత్తరం, ఆ ఉత్తరం మీద మా ఇంగ్లీషు మేనేజరు సంతకం కావాలి. (ఆయన్ని చాటుగా బొమ్మల దొర అనేవాళ్లం.) ఇంగ్లండు టీవీలో ఎప్పుడో వచ్చిన బొమ్మలాటల క్యాసెట్లు ఆయన దగ్గర అట్టపెట్టె నిండా ఉండేవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించగలవా అని ఆయన అడగ్గానే నాకు అందులో సంతకమే కనిపించింది.

అల్ తుమామాలోని ఆయన విల్లా నుంచి ఆ పెట్టె, పాత వీసీఆర్ మోసుకొచ్చాను. గంట క్యాసెట్టు ఎక్కడానికి పూర్తిగా గంట పడుతుంది కనుక శుక్రవారాలన్నీ దానికే ధారపోశాను. కొయ్య మొహం పైలట్లు, రెప్ప వేయని డాక్టర్లు, అంతా బాగానే ఉంది గానీ ప్రతి బొమ్మ నెత్తి మీదా తాళ్లు కనిపిస్తున్నాయి. మన సినిమాలో హీరో గాల్లోకి లేస్తే నడుముకి కట్టిన తాడు కనిపించనిస్తామా? ఇంగ్లీషువాళ్లకి ఆ మాత్రం తెలియలేదు పాపం అని జాలిపడి, సాఫ్ట్‌వేర్ పెట్టి అన్నీ చెరిపేశాను. సైట్లో కడ్డీలు కట్టే మా రూమ్మేటు జగిత్యాల అన్న వెనక నిలబడి చూసి, "తాళ్లు తీస్తే ఆడిచ్చెటోడు ఏడ పోయిండు తమ్మీ?" అన్నాడు. ఇంజనీరింగ్ చదివినవాడికి చెప్పొచ్చాడని నవ్వుకున్నాను. డిస్కు నిండుతోందని తాళ్లు చెరపని కాపీలన్నీ ఎప్పటికప్పుడు తీసేశాను. ఆఖరి క్యాసెట్టును ఎక్కించడం కాగానే వీసీఆర్ నమిలేసినా బెంగపడలేదు, కాపీ ఉందిగా.

దొరగారు విల్లాలో సోఫా అంచున కూర్చుని ఆ ఆఖరిదే ముందు పెట్టమన్నారు. బొమ్మలు దర్జాగా వాటంతటవే నడుస్తున్నాయి. నేను మెప్పు కోసం ఆయన మొహం చూస్తున్నాను. ఆయన చాలాసేపు చూసి, మెల్లగా, "ఇందులో తాళ్లు పట్టింది మా నాన్న. ఆయన టీవీలో కనిపించింది ఆ తాళ్లలోనే," అన్నారు. నాకు సంతకం సంగతి గుర్తుకు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మిగతా క్యాసెట్లు మళ్లీ ఎక్కించాను. నమిలేసినదానికి మాత్రం మౌసు పట్టుకుని రెండు నెలలపాటు ఒక్కో తాడూ నేనే గీశాను. (జగిత్యాల అన్న పక్కన కూర్చుని, బొమ్మ కదలిక చూసి ఏ తాడు ఏ చేతికో చెప్పాడు.) దొరగారు అదీ ఓపిగ్గా చూశారు. "మా నాన్న చెయ్యి ఇంత వణికేది కాదు," అని నవ్వి, కళ్లు తుడుచుకుని, నేను అడక్కుండానే ఉత్తరం తెమ్మన్నారు. మా ఆవిడ ఆ సంతకంతోనే వచ్చింది. అప్పటి నుంచి ఎవరైనా పాత వీడియో బాగుచేసి పెట్టమంటే, అందులో ఏది ముట్టుకోకూడదో ముందు వాళ్లనే అడుగుతున్నాను.