బకెట్లో పడేసిన పాలపన్ను

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో లేదు. పళ్ల డాక్టరు చదువు అప్పుడే పూర్తయింది, తెల్లకోటు ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు. బూర్గంపాడు అవతల అడవి అంచున ఉన్న ఓ ఊరి బడిలో పిల్లల పళ్ల క్యాంపుకు నన్ను పంపితే, ప్లాస్టిక్ దవడ చేతబట్టుకుని గంటసేపు ఉపన్యాసం దంచాను. తల్లులు మర్యాదగా విన్నారు (ఇద్దరు మర్యాదగానే కునికారు). చివర్లో ఒకావిడ, "పాలపండ్లే గద మేడం, ఎట్లయినా ఊడిపోయేటియే" అంది. మిగతావాళ్లు "అవ్" అన్నారు. నా గంట ఉపన్యాసం గోదాట్లో కలిసింది.

తర్వాత పుచ్చిపోయిన పళ్లు పీకడం మొదలుపెట్టాను. ఐదోది ఆరేళ్ల పిల్ల, నాయనమ్మతో వచ్చింది. ముందుపన్ను పుచ్చి, చిగురు వాచి ఉంది. పీకి, అలవాటుగా బకెట్లో పడేశాను. ముందు నలుగురూ మొహమాటపడి వెళ్లిపోయారు గానీ, ముసలమ్మ కదల్లేదు.

"పన్నియ్యి బిడ్డా."

"ఎందుకవ్వా?"

"ఎందుకేంది? పేడల వెట్టి ఇంటి మీదికి ఇసరకుంటే కొత్త పన్ను ఎట్లొస్తది?"

నాకు నవ్వొచ్చింది. వరసలో ఉన్న తల్లులకు రాలేదు. ఒకరిద్దరు పిల్లల్ని చంకనేసుకుని లేచారు కూడా. ఆ పన్ను దొరక్కపోతే మిగిలిన పిల్లలంతా నొప్పితోనే ఇళ్లకు వెళ్లిపోతారని అర్థమై బకెట్ మీదికి వంగాను. బకెట్లో చూస్తే ఐదూ ముందుపళ్లే, ఐదూ పుచ్చినవే. నా చదువు అక్కడ ఎందుకూ కొరగాలేదు. అన్నిటికంటే పెద్ద తొర్ర ఉన్నదాన్ని ఏరి, కడిగి, "ఇదే అవ్వా" అన్నాను (ఎంత ధీమాగా అన్నానో).

ముసలమ్మ దాన్ని ఎండకు పట్టి చాలాసేపు చూసింది. "గింత బొక్కనా?" అంది. "పది దినాల సంది బువ్వ ముట్టకుంటే మొండికేస్తున్నదని కొట్టిన నేను." మనవరాలి చెంప నిమురుతూ ఏడ్చింది. ఆ పన్ను చేతులు మారుతూ వరసంతా తిరిగింది. ఇందాక పాలపండ్లే అన్నావిడ తన కొడుకు నోరు తెరిచి చూసి, "రాత్రి పండుకునేముందు గూడ పండ్లు తోమాల్నన్నవు గద మేడం, మల్లొక్కపారి చెప్పు" అంది.

మరుసటేడు వెళ్తే ఆ పిల్ల కొత్త పన్ను చూపించింది. ఘనతంతా తమ ఇంటికప్పుదేనని ముసలమ్మ తేల్చేసింది, నేను కాదనలేదు. ఇప్పుడు ఖమ్మంలో నా దగ్గర ఏ పాలపన్ను పీకినా కడిగి, తొర్ర కనబడేలా తల్లి చేతిలో పెడతాను. అన్నీ తెలిసిన ఆ తెల్లకోటు పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. ఆ పన్ను ఎవరిదో నాకు నేటికీ తెలియదు. ఆ బకెట్లోంచి ఏది తీసిచ్చినా ముసలమ్మ అలాగే ఏడ్చేది.