ఇంజన్ ఆపే ముందు రెండు నిమిషాలు

మొన్న మా అల్లుడి కొత్త కారులో షాద్‌నగర్ వెళ్తుంటే, సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగిపోయింది. నేను ఉలిక్కిపడ్డాను. "ఏం కాలే మామా, పెట్రోలు మిగిలేటందుకు గిది గట్లనే ఆగుతది" అని అల్లుడు నవ్వాడు. నేనూ నవ్వాను గాని, లోపల పాత భయం కదిలింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దగ్గరి మందుల ఫ్యాక్టరీకి కార్మికులను చేరవేసే బస్సు నడిపేవాణ్ణి. బస్సు కిరాయికి తిప్పే ఒక సేటుది. ఆయన దగ్గర చేరిన డ్రైవరెవరైనా అసలు లైసెన్సు ఆయన బీరువాలో పెట్టాల్సిందే, మేము జిరాక్సు కాగితాలతో తిరిగేవాళ్లం, ఇంకెక్కడ పని దొరికినా కదిలే దారి లేదు. మన వయసు వాళ్లకు ఆ ఉక్కపోత వేరే చెప్పక్కర్లేదు.

మా బస్సులన్నీ హైవే పక్కన రేకుల షెడ్డులో ఒక ముసలి మిస్త్రీ బాగుచేసేవాడు. పరుగెత్తి వచ్చిన బండిని టక్కున ఆపితే ఇంజన్‌కు గాలి ఎక్కించే టర్బోలో కాగుతున్న ఇరుసు దగ్గర ఆయిలు కదలక, గిన్నె అడుగున పప్పులా మాడిపోతుందని, రెండు నిమిషాలు ఇంజన్ను ఊరికే తిరగనిచ్చి తర్వాతే తాళం తిప్పమని నాకు నేర్పింది ఆయనే. సేటుకేమో డీజిల్ పిచ్చి. నిలబడిన బండిలో ఇంజన్ నడిస్తే తన ఫోను మోగేలా ఒక పెట్టె బిగించాడు. గేటు ముందు బ్రేకు తొక్కడం, తాళం తిప్పడం ఒక్కసారే జరగాలి. ఇంజన్ను చేజేతులా పాడు చేస్తున్నానని తెలిసి కూడా రోజూ అలాగే ఆపాను, ఇంట్లో ఐదుగురు నా జీతం మీదే బతికేవారు మరి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం బస్సు నీలం పొగ కక్కి జడ్చర్ల వంతెన మీద నిలిచిపోయింది. మిస్త్రీ టర్బో విప్పి, ఇరుసుకు పట్టిన నల్లటి మాడు గోటితో గీకి సేటుకు చూపించాడు. "బండి ఎట్ల ఆపుతున్నడో గాయన్నే అడుగు సేటూ" అన్నాడు. సేటు నావైపు తిరిగాడు. మీ హుకుం వల్లే అని ఒక్క మాట అంటే చాలు, కాని నా లైసెన్సు ఆయన బీరువాలో ఉంది.

"ఆయిలే మంచిది గాదేమో సేటూ" అన్నాను.

ఆ ఆయిలు పోసింది మిస్త్రీయే. ఆయన కోపగించుకోలేదు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ "జర సోంచాయించి మాట్లాడు బేటా" అన్నాడు, ఆలోచించి మాట్లాడమని, అంతే. ఆ రోజు నుంచి సేటు బస్సులు ఆ షెడ్డుకు పోలేదు. ఉన్న గిరాకంతా మాదే కాబట్టి ఏడాది తిరక్కముందే షెడ్డు మూతపడింది.

కొన్నేళ్లకు సేటు బస్సులు అమ్ముకున్నప్పుడు నా లైసెన్సు నాకు వచ్చింది. నేను నేరుగా మిస్త్రీ ఇల్లు వెతుక్కుంటూ పోతే, ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలైందని ఆయన కోడలు చెప్పింది. ఇప్పుడా షెడ్డు జాగాలో అద్దాల దుకాణం వెలిసింది, హైవే వెడల్పయింది, నాకిప్పుడు ఎవరి భయమూ లేదు. ఆయిలు మంచిదేనని మాత్రం ఎవరికి చెప్పాలో తెలియడం లేదు.