కిటికీ జరిగింది, వాసాలు జరగలేదు

హబీబ్‌కు అసహ్యం వేస్తే నోటితో ఏమీ అనేవాడు కాదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవాడు. 2006లో ఏలూరు పవర్‌పేటలో దత్తసాయి నడిపే డ్రాయింగ్ ఆఫీసులో చేరాక, ఆ అద్దాలను రోజుకు పదిసార్లు తుడవాల్సి వచ్చేది.

అంతకుముందు ఇరవై రెండేళ్ళు వడ్రంగం చేశాడు. గణపవరం నుంచి ముదినేపల్లి దాకా పెంకుటిళ్ళకు కప్పులు ఎత్తాడు. డాబాలొచ్చి ఆ పని మూలపడింది. ఉన్న కాస్త పనిలో కప్పు మీంచి జారి మోకాలూ మూలపడింది. నలభై మూడేళ్ళ వయసులో కూతురు మెహర్ పక్కన కూర్చుని మౌస్ పట్టడం నేర్చుకున్నాడు.

దత్తసాయికి అమెరికా బిల్డర్ల పని వచ్చేది. వాళ్ళ ఇళ్ళను కంప్యూటర్లో కర్ర కర్రా పేర్చి పంపాలి. ఆ కప్పుల్లో డార్మర్లని ఉంటాయి. వాలు కప్పులోంచి పైకి పొడుచుకొచ్చి, తమ నెత్తిన వేరే చిన్న కప్పు వేసుకుని నిలబడే కిటికీలు. హబీబ్ వాటిని పావురాల గూళ్ళనేవాడు.

సాఫ్ట్‌వేర్లో ఒక్క బటన్ నొక్కితే గూడు లేస్తుంది. ఆ తేలికే అతనికి రోత. గూడు కోసం కప్పుకు కన్నం పెడితే వాసం మధ్యలో తెగుతుంది. తెగిన వాసం దేనిమీద ఆనాలి? కన్నానికి అటూ ఇటూ వాసాలను జంటలుగా వేయాలి. ఆ జంటల మధ్య పైనా కిందా అడ్డకర్రలు బిగించి, తెగిన కొసలను వాటికి అప్పగించాలి. బటన్‌కు ఈ బాధ లేదు. హబీబ్ మాత్రం ఒక్కో కర్రా తనే పెట్టేవాడు. పక్క సీట్లో హరిణి, ఇంజనీరింగు చదివిన అమ్మాయి, నవ్వేది.

"బయటికి కనపడవు కదండీ హబీబ్ గారూ, ఎందుకండీ అంత తిప్పలు?"

"మీ వెన్నెముకా కనపడదమ్మా. తీసేద్దామా?"

కైకలూరు చేపల చెరువుల ఆసామి వెంకట్రాజు ఒకనాడు ఆఫీసుకొచ్చి, తెర మీది అమెరికా ఇంటికి మనసు పారేసుకున్నాడు. తన కొత్త మేడ మీదా పెంకుల కప్పు ఉండాలి, దానికో గూడుండాలి, గూడు కింద తల్లి వెంకటనరసమ్మ గారి పూజగది ఉండాలి. హబీబ్ నాలుగు రోజులు కూర్చుని గీశాడు. కాగితం మూల 'గీసినది: హబీబ్' అని పడింది. అమెరికా పనుల మీద ఎవరి పేరూ ఉండదు. తన పేరు అచ్చులో చూసుకోవడం అతనికి అదే మొదలు.

ఆ కాగితం ప్రకారం వాసాలు ఎత్తేశాక వాస్తు సిద్ధాంతి వచ్చాడు. వెలుతురు నేరుగా దేవుడి తల మీద పడుతోంది, గూడు రెండడుగులు తూర్పుకు జరగాలన్నాడు. ఆ వారం హబీబ్ మోకాలి నొప్పితో ఇంట్లో ఉన్నాడు. దత్తసాయే మౌస్ పట్టి గూటిని లాగేశాడు. కిటికీ జరిగింది. కింది కర్రలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. నాలుగడుగుల కిటికీకి నడిమధ్యన జంట వాసం జైలు ఊచలా నిలబడింది. దత్తసాయి కర్రలు కనపడకుండా ఒక టిక్కు తీసేసి, ప్రింటు తీసి కైకలూరు పంపాడు.

పనిలోకి వచ్చిన రోజు పొద్దున ఏడింటికే ఫైలు తెరిచి హబీబ్ అద్దాలు తీశాడు.

"వాసాలేవి సార్?"

"ఆపేశానండీ. ప్రింటు చూడండి, ఎంత నీటుగా వచ్చిందో!"

"ఆపేయడానికవి ఫ్యాన్లు కాదు సార్."

"అబ్బా, అక్కడ కనకరాజు మేస్త్రి ఉన్నాడుగా, చూసుకుంటాడు లెండి. ఇవాళ పెంకులు ఎక్కిస్తున్నారు. గొడవ పెట్టకండి."

హబీబ్ మెట్లు దిగి కైకలూరు బస్సెక్కాడు.

మేడ మీద కనకరాజు చుట్ట కాలుస్తున్నాడు. బరువంతా మోయాల్సిన జంట వాసాన్నే కిటికీ కోసం కోసేశారు. తెగిన కొసను కిటికీ చట్రానికే రెండు మేకులతో అంటగొట్టారు. దానిమీదికి పెంకులు రావడానికి సిద్ధంగా ఉన్నాయి.

"ఇది ఎవరు కోయమన్నారండీ?"

"మీరేనండి." కనకరాజు ప్రింటు విప్పి మూల చూపించాడు. "మీ పేరే కదండీ ఇది? కాగితంలో ఇక్కడ వాసం లేదు. పైన చూస్తే ఉంది. కాగితం తప్పంటామా ఏంటి? కోసేశాం."

హబీబ్ కిందికి దిగాడు. సిద్ధాంతితో మాట్లాడుతున్న వెంకట్రాజు దగ్గరికి వెళ్ళి, ఈ రోజుకు పెంకులు ఆపమన్నాడు.

"ముహూర్తం పదిన్నరకండీ! ఆపితే ఎలాగండీ? నిలబడే ఉందిగా?"

"పెంకులు లేవు కాబట్టి నిలబడిందండీ. దాని కింద కూర్చునేది మీ అమ్మగారు."

వెంకట్రాజు సిద్ధాంతి వైపు చూశాడు. సిద్ధాంతి ఆకాశం వైపు చూశాడు.

"ముహూర్తానికి ఒక్క పెంకు పెట్టండి, చూరు దగ్గర," అన్నాడు హబీబ్. "కొబ్బరికాయ కొట్టండి. మిగతావి రేపెక్కించుకోండి. ఎన్ని పెంకులని ముహూర్తంలో రాసి లేదుగా?"

సిద్ధాంతి పంచాంగం తిరగేసి, దోషం లేదన్నాడు.

పదిన్నరకు ఒక్క పెంకు ఎక్కింది. ఆ వెనకే హబీబ్ ఎక్కాడు, కుంటికాలితో, కనకరాజు తిట్టుకుంటూ పట్టుకున్న నిచ్చెన మీద. కప్పుకు గుంజలు పోటు పెట్టించి, తూర్పు వాసానికి జోడు వాసం వేయించాడు. పాత అడ్డకర్రలు తీయించి, ఆరడుగులవి పెట్టించి, తెగిన కొసలు రెండూ వాటికి బిగించాడు. పొద్దు వాలేసరికి పనైంది. కింద వెంకటనరసమ్మ గారు ఆ కప్పు కిందే పీట వేసుకుని కూర్చుని, "ఏం బాబూ, ఇంకా కాలేదా?" అంటోంది.

గృహప్రవేశంలో శాలువా దత్తసాయికి కప్పారు. తప్పును తమ సాఫ్ట్‌వేరే పట్టేసిందని ఆయన నలుగురికీ చెప్పాడు. హబీబ్ దానికి నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోలేనిది ఆ తర్వాతి సోమవారం ఎదురైంది. తాడేపల్లిగూడెం మిల్లు ఆసామికి అలాంటివే మూడు గూళ్ళు కావాలట. దత్తసాయి కైకలూరు ఫైలే, కర్రలు ఆపేసిందే, పేరు మార్చి అతని ముందు పెట్టాడు.

"మూడుచోట్ల అతికించి ఇచ్చేయండి హబీబ్ గారూ. కింద మీ పేరే వేద్దాం, మంచి పేరొచ్చిందిగా."

హబీబ్ కంప్యూటర్ ఆపి ఇంటికి నడిచాడు.

"ఏవండీ, అప్పుడే వచ్చేశారేం?" అంది భార్య సుగ్రా.

"ఇంక వెళ్ళను," అని చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు.

అప్పటికే మిల్లు ఆసామి నంబరు హరిణినడిగి తెచ్చుకున్నాడు. ఫోను చేసి, కప్పు ఎత్తే రోజు చెబితే వచ్చి చూస్తానన్నాడు. తర్వాత బతికిన ఆరేళ్ళూ ఎవరు పిలిచినా వెళ్ళి, కింద నిలబడి వాసాలు చూసి చెప్పేవాడు. కాగితం మీద మాత్రం మళ్ళీ ఏదీ గీసివ్వలేదు.